పీఠం మీది రెండు పాదాలు

జెండా పండుగ కవిత్వాన్ని విమర్శకు పెట్టడమంటే పెళ్లిపందిట్లో జమాఖర్చులు అడగడం లాంటిదని ఒక మిత్రుడు నన్ను హెచ్చరించాడు. ఆ ఒక్కరోజైనా దేశం పేరెత్తుతున్నారు కదా, ఎత్తనివ్వరాదా అని ఆయన వాదం. పండుగ చేసుకోవద్దని నేనెవరితోనూ అనను. ఇరవై ఏళ్లుగా బడిపంతులుగా నేనే ముందురోజు సాయంత్రం జెండాకర్ర చుట్టూ సున్నం గీతలు గీయించి, తాడు కప్పీలో సాఫీగా తిరుగుతోందో లేదో చూసుకుని ఇంటికి వెళుతున్నాను. నా తగాదా పండుగతో కాదు. పండుగకు పనికొచ్చే మేరకే దేశాన్నీ సాహిత్యాన్నీ కత్తిరించుకునే అలవాటుతో నా తగాదా. ఆ కత్తెర చాలాసార్లు నా చేతిలోనే ఉంది గనుక ఈ వ్యాసం కొంత ఆత్మవిమర్శ కూడా.

ముందు ఆ కవిత్వపు స్వరూపం చూద్దాం. ఏటా ఆగస్టు 15కీ, జనవరి 26కీ పత్రికల ప్రత్యేక పుటల్లోనూ, కవిసమ్మేళనాల్లోనూ, బడిపిల్లల పోటీల్లోనూ వచ్చే పద్యాలూ వచనకవితలూ ఒక వంద వరసగా చదివి చూడండి. హిమాలయం కిరీటమవుతుంది. సముద్రం పాదాలు కడుగుతుంది. నదులు హారాలవుతాయి. త్యాగధనుల నెత్తురుకి ఒక చరణం, మూడు రంగులకు మూడు అర్థాలు చెప్పడానికి ఒక చరణం, జయం పలకడానికి చివరి చరణం. భూగోళ పాఠం ఉంటుంది, చరిత్ర పాఠంలోంచి నాలుగు పేర్లుంటాయి, పౌరశాస్త్రం మాత్రం కలికానికి కూడా దొరకదు. రాసినవాడు ఏ ఊరివాడో, అతని ఇంటిముందు రోడ్డుందో లేదో, ఆ కవిత వల్ల తెలుసుకోవడం అసాధ్యం.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న వ్యాకరణ విషయం గమనించాలి. ఈ కవితలన్నీ దేశాన్ని సంబోధిస్తాయి. తల్లీ అంటాయి, భరతమాతా అంటాయి. సంబోధన దేశానికి వెళ్లిపోయింది గనుక చదివేవాడికి చేయవలసిన పనేమీ మిగలదు. పక్కన నిలబడి చేతులు జోడిస్తే చాలు. తల్లికి జోడించిన చేతులు ఆ పూటకు ఖాళీగా ఉండవు, ఇంకే పనికీ అందుబాటులో ఉండవు. ఈ సౌకర్యమే పండుగ కవితకు ప్రాణం. దేవులపల్లి కృష్ణశాస్త్రి ప్రియభారత గేయాన్ని నేను ఈ గంపలో వెయ్యడం లేదు. అది భావకవి చేతిలో స్తోత్రం అందుకోగల ఎత్తు. ఆయన శబ్దమాధుర్యం లేకుండా ఆయన భంగిమను మాత్రం అనుకరించినవారి గురించే నా ఫిర్యాదు.

ఇప్పుడు గురజాడ 'దేశభక్తి' గేయం తీసుకోండి. 1910 ప్రాంతపు రచన. ఏ పండుగకీ రాసింది కాదు. అప్పటికి మనకు జెండా పండుగే లేదు. ఆ గేయం మొదటినుంచి చివరిదాకా వెతికినా దేశాన్ని సంబోధించే మాట ఒక్కటి కనిపించదు. అందులోని పిలుపంతా ఎదుటి మనిషికే. అన్నా అని ఒకచోట, తక్కినచోట్ల ఓయ్ అని. ఓయ్ అనేది వీధిలో పిలుపు. గుడిలో ఎవరూ అలా పిలవరు. క్రియలన్నీ దాదాపు విధ్యర్థకాలు: పెంచు, మాను, నేర్చుకో, తోడుపడు. ముత్యాలసరాల నడకలో మూడూ నాలుగూ మాత్రలుగా సాగే ఆ తూగుకి మనం ఎంత అలవాటు పడ్డామంటే, ఆ వాక్యాలు మనతో పనులు చేయించడానికి వచ్చాయన్న సంగతే మరిచిపోయాం.

ఏయే పనులు? పాడీ పంటా పెరగాలంటాడు. తిండి కలిగితేనే కండ, కండ ఉన్నవాడే మనిషి అనే అర్థంలో మాట్లాడతాడు. కళలు నేర్చుకుని దేశపు సరుకు తయారు చేయాలంటాడు. వెనక చూసి మురిసిపోవడం వద్దంటాడు. గతంలో ఉన్న మంచి కొంచెమేనని మొహమాటం లేకుండా చెబుతాడు. చేతిలో చెయ్యి వేసుకుని అన్ని మతాలవారూ అన్నదమ్ముల్లా మెలగాలంటాడు. అన్నిటికన్నా మించి, నాకు దేశాభిమానం ఉందని గొప్పలు చెప్పుకోవడం కట్టిపెట్టి, జనానికి ఏదైనా ఒక్క మేలు పూనుకుని చేసి చూపించమంటాడు. ఇది దేశభక్తి గేయంలోనే దేశభక్తి ప్రదర్శనమీద వేసిన చురక. ఈ చరణాన్ని మా బడి మైకులో ఎవరైనా పిల్లవాడు పాడగా నేనింతవరకు వినలేదు. పాడించలేదు కూడా.

మా బడిలో ఈ గేయం ఎలా పాడతారో చెబుతాను. కార్యక్రమంలో దానికి మూడు నిమిషాలు ఇస్తాం. తర్వాత నృత్యం, సర్పంచిగారి ప్రసంగం, మిఠాయిల పంపిణీ ఉంటాయి. అంచేత మొదటి చరణం ఉంచి, మధ్యలో ఉన్నదంతా తీసేసి, దేశమంటే ఏమిటో మనుషుల లెక్కన నిర్వచించే ఆ ప్రసిద్ధమైన రెండు పాదాల దగ్గరికి దూకిస్తాం. వాటినే రెండుసార్లు పాడించి ముగిస్తాం. చప్పట్లు బాగానే వస్తాయి. ఆ రెండు పాదాలే గోడలమీదా, గురజాడ విగ్రహాల పీఠాలమీదా ఉంటాయి.

ఆ రెండు పాదాలు ఒక చరణానికి రెండో సగం మాత్రమే. మొదటి సగంలో గురజాడ అడిగిందేమిటి? సొంత లాభంలో కొంత తగ్గించుకుని పక్కవాడికి సాయపడమన్నాడు. ఎందుకు సాయపడాలో కారణం చెప్పడానికే నిర్వచనం వచ్చింది. దేశమంటే నీ పొరుగువాడే గనుక, అతనికి తోడుపడటమే దేశానికి చేసే సేవ అని ఆ చరణంలోని తర్కం. పని ముందు, నిర్వచనం తర్వాత. మనం పనిని కోసేసి నిర్వచనాన్ని పీఠమెక్కించాం. నిర్వచనానికి ఖర్చేమీ లేదు. లాభంలో కొంత తగ్గించుకోవడానికి ఖర్చుంది. ఎక్కడ కత్తిరించాలో మనకెవరూ నేర్పలేదు, అయినా కత్తెర సరిగ్గా అక్కడే పడింది.

దేశపు సరుకు గురించిన చరణం కూడా అలాగే జారిపోయింది. జెండా గుడ్డ చేతితో వడికిన నూలుతో చేతిమగ్గం మీదే నేయాలన్న నియమం చాలాకాలం ఉండేది. 2021 డిసెంబరులో జెండా నియమావళిని సవరించి పాలిస్టరుకీ, యంత్రం మీద చేసిన గుడ్డకీ అనుమతి ఇచ్చారు. జెండాలు చవకయ్యాయి, ఇంటింటికీ వచ్చాయి. ఇంటిమీద జెండా ఎగరేయడం మంచిదే. కాని చేనేతవాడి సంగతేమిటని ఆ సంవత్సరం పండుగ కవితల్లో ఎవరడిగారు? నాకు కనబడినంతలో ఒక్కరూ లేరు.

గురజాడ గేయాన్ని నేను ఆకాశానికెత్తుతున్నానని అనుకోవద్దు. దానికి పరిమితులున్నాయి. వందేమాతరం ఉద్యమం వేడి ఇంకా చల్లారని రోజుల్లో రాసినా పరపాలన గురించి అందులో సూటిగా ఒక్క మాట లేదు. విజయనగర సంస్థానపు కొలువులో ఉన్నవాడి జాగ్రత్త అందులో కనిపిస్తుందని ఎవరైనా అంటే నేను కాదనలేను. సరుకులు అమ్ముకుని సొమ్ము సంపాదించనివాడికి కీర్తి లేదనే మాట వర్తకవర్గపు మాటే. కూలివాడికి అందులో చోటు తక్కువ. ఇక పొరుగువాడికి తోడుపడమన్న బోధను ఏలినవారు తమకు అనుకూలంగా వాడుకోవడం మహా సులువు. రోడ్డు వెయ్యని ప్రభుత్వం, మీ గుంటలు మీరే పూడ్చుకోండి, అదే దేశభక్తి అనవచ్చు. అన్న సందర్భాలున్నాయి.

ఈ లోటును గురజాడే ఇంకోచోట పూరించాడని నా అభిప్రాయం. కన్యాశుల్కంలో గిరీశం, నేషనల్ కాంగ్రెసు గురించి బండివాడికి రెండు గంటలసేపు ఉపన్యాసం ఇచ్చిన సంగతి శిష్యుడు వెంకటేశానికి చెప్పుకుంటాడు. అంతా విని బండివాడు వేసిన ప్రశ్న ఒక్కటే. తమ ఊరి హెడ్ కానిస్టేబుల్ని కాంగ్రెసువాళ్లు ఎప్పుడు బదిలీ చేయిస్తారు? గిరీశం దాన్ని బండివాడి తెలివితక్కువతనానికి ఉదాహరణగా చెబుతాడు. ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వు మొదట బండివాడి మీదికి వెళ్లి, తిరిగివచ్చి గిరీశం మీద పడుతుంది. క్లాసులో ఈ ఘట్టం చెప్పినప్పుడు నవ్వు ఎటు పోతుందో చూడటం నాకు అలవాటు. ఏటా ఒకరిద్దరు పిల్లలు అసలు నవ్వరు. వాళ్ల ఊళ్లో అలాంటి హెడ్డు ఎవరో ఒకరుంటారు.

బండివాడి ప్రశ్నలో ఏముంది? దేశం తనకు తగిలే చోటు అతనికి కచ్చితంగా తెలుసు. ఊరి పోలీసువాడి రూపంలో ప్రభుత్వం అతనికి రోజూ ఎదురవుతుంది. మీరు చెప్పే దేశం నా బతుకులో ఆ చోటిని తాకుతుందా, తాకదా? దేశభక్తి సాహిత్యానికి ఇంతకన్నా గట్టి గీటురాయి నాకు తెలియదు. దానిమీద గీసి చూస్తే పండుగ కవిత్వంలో తొంభైపాళ్లు గిరీశం ఉపన్యాసమే. గేయంలోని పొరుగువాడినీ నాటకంలోని బండివాడినీ పక్కపక్కన పెట్టుకుంటేనే పౌరుడి బాధ్యత పూర్తిగా అర్థమవుతుంది. తోడుపడటం అందులో ఒక సగం, నిలదీసి అడగటం రెండో సగం. అడగకుండా తోడుపడేవాడు వెట్టి చేస్తున్నట్టు. తోడుపడకుండా అడిగేవాడు మనలాంటి ఉపన్యాసకుడు.

ఆ హెడ్ కానిస్టేబులు బదిలీ కాలేదని తర్వాతి తెలుగు సాహిత్యం చూస్తే తెలుస్తుంది. రావిశాస్త్రి 'ఆరు సారా కథల్లో' పోలీసు స్టేషనులోనూ కోర్టు వరండాలోనూ తిరుగుతున్నది అతని వారసులే. కాళోజీ 'నా గొడవ' అనే శీర్షికతోనే జనం గొడవను తన గొడవ చేసుకున్నాడు. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథలో ఊరందరిదీ అనే మాటలో ఎవరు చేరతారో ఎవరు చేరరో నీళ్ల చేద దగ్గర తేలిపోతుంది. ఈ రచనల్లో దేశం అనే మాట అరుదు. అయినా వీటిని పక్కన పెట్టి దేశభక్తి సాహిత్య సంకలనాలు వేస్తున్నాం.

జాతీయోద్యమ కాలపు అసలైన పాటకు కూడా ఈ రోజువారీతనమే బలం. గరిమెళ్ల సత్యనారాయణ 1921 నాటి 'మాకొద్దీ తెల్లదొరతనము' నిండా పట్టెడన్నం, ఉప్పు, జైలు, అవమానం. పాడుకున్న జనం తమ వంటింట్లో లేనిదాని గురించి పాడుకున్నారు. అందుకే అధికారులకు ఆ పాట ప్రమాదంగా కనిపించింది, కవి జైలుకు వెళ్లాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కవిని ఆదుకున్నవాడు లేడు. 1952లో కటిక పేదరికంలో పోయాడు. పాటను మాత్రం పండుగలకు పాడుకుంటున్నాం.

పండుగకి మాత్రమే దేశం గుర్తు రావడం తప్పయితే, పండుగను రోజూ చేస్తే సరిపోతుంది కదా అని కొందరి ఆలోచన. 2017 ఆగస్టు 15 నుంచి జమ్మికుంటలో రోజూ ఉదయం మైకుల్లో జాతీయగీతం వినిపించే ఏర్పాటు పోలీసులు చేశారు. వీధిలో జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. అంతకుముందు 2016 నవంబరులో సినిమాహాళ్లలో ఆట మొదలయ్యేముందు గీతం తప్పనిసరి అని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. 2018 జనవరిలో ఆ తప్పనిసరిని తానే తీసేసింది. నిలబడటంలో గౌరవం ఉంది, కాదనను. కాని ఒక నిమిషం నిలబడ్డాక మళ్లీ కదిలినప్పుడు ఆ కాళ్లు ఎటు వెళతాయన్నది నా ప్రశ్న. దాని జవాబు గీతంలో దొరకదు.

రోజూ చదివే గ్రంథం ఒకటి మన తెలుగువాడే ఇచ్చాడు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకటసుబ్బారావు, స్వయంగా రచయిత, నల్లగొండ జిల్లావాడు, బడిపిల్లల కోసం ఒక ప్రతిజ్ఞ తెలుగులో రాశాడు. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతటా అన్ని భాషల్లోకీ వెళ్లింది. చైనా యుద్ధపు సంవత్సరంలో రాసినా అందులో శత్రువు ప్రస్తావన లేదన్నది గమనార్హం. పెద్దలను గౌరవించడం, అందరితో మర్యాదగా ఉండటం, చివరికి దేశ ప్రజల క్షేమంలోనే తన సంతోషం ఉందనడం. గురజాడ గేయంలో పరుల మేలే తన మేలనుకునేవాడు సుఖపడతాడని చెప్పిన చరణానికి ఇది వచన రూపం. జీతాలూ పింఛన్లూ చెల్లించే కార్యాలయంలో పనిచేసినవాడి చేతిలోంచి ఇంత ఇహలోకపు దేశభక్తి రావడం నాకు ఆశ్చర్యంగా లేదు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉంది, ఆయన పేరు లేదు. మేం ఉపాధ్యాయులం ఆ ప్రతిజ్ఞ సమయాన్ని దేనికి వాడతామంటారా? ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర లెక్కపెట్టడానికి.

పౌరబాధ్యత అనే మాటను కూడా అనుమానంగా చూడవలసిన చరిత్ర మనకుంది. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు మొదట లేవు. 1976లో 42వ సవరణతో పది విధులు చేర్చారు. అది ఎమర్జెన్సీ కాలం. హక్కుల గొంతు నొక్కినవేళ విధుల జాబితా వచ్చింది. పదకొండోది, పిల్లలకు చదువు చెప్పించే బాధ్యత, 2002లో చేరింది. ఆ విధుల్లో తప్పుపట్టవలసినవి నాకు కనబడవు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం అందులో ఉంది, ప్రజల ఆస్తిని కాపాడటం ఉంది. వచ్చిన సమయమే మనకు జ్ఞాపకం ఉండాలి. రోడ్డుమీద ఉమ్మవద్దనీ, క్యూలో నిలబడమనీ చెప్పడం వరకే బాధ్యత అనుకునే మధ్యతరగతి నీతికీ, ఆ జాబితాకీ చుట్టరికం ఉంది. బండివాడి ప్రశ్న ఏ జాబితాలోనూ లేదు.

ఇక నా నేరం చెప్పాలి. పదేళ్ల కిందట ఒక వ్యాసరచన పోటీకి నేను న్యాయనిర్ణేతను. అంశం 'నా దేశం'. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు తమ వీధి బోరింగు గురించి రాశాడు. బోరింగు పాడయితే వాళ్ల నాన్న పంచాయతీ ఆఫీసుకి మూడుసార్లు వెళ్లాడట. మొదటిసారి మనిషి లేడు, రెండోసారి సామాను లేదు, మూడోసారి కాగితం రాసుకురమ్మన్నారు. నాన్నకు రాయడం రాదు గనుక వీడే రాసిచ్చాడు. జవాబు రాలేదు. చివరికి నాలుగిళ్లవాళ్లు చందాలేసుకుని వాషరు కొన్నారు. కాగితానికి జవాబు ఇప్పటికీ రావాలి అని వ్యాసం ముగించాడు. అక్షరదోషాలు చాలా ఉన్నాయి. దేశం అనే మాట వ్యాసంలో ఒక్కసారే ఉంది, అదీ శీర్షికలో.

నేను ఎర్ర సిరాతో 'విషయేతరం' అని రాశాను. ఎమ్మే తెలుగు చదివినవాణ్ణి, గురజాడ మీద ప్రసంగాలు చేసినవాణ్ణి. నాలుగిళ్లవాళ్లు సొంత లాభం కొంత మానుకుని కొన్న వాషరు నా చేతిలో ఉంది, బండివాడి ప్రశ్న నా చేతిలో ఉంది. రెండూ ఒకే పేజీలో, పదమూడేళ్లవాడి దస్తూరీలో. ఆ పేజీని నేను గుర్తుపట్టలేదు. మొదటి బహుమతి హిమాలయాలకు ఇచ్చాం. ఆ పిల్లవాడి పేరు నాకు గుర్తులేదు, ఆ కాగితాలు ఎప్పుడో కిలోల లెక్కన అమ్ముడుపోయాయి. మనం సాహిత్యంలో దేన్ని దేశభక్తిగా గుర్తిస్తామో, దేన్ని విషయేతరం అంటామో నిర్ణయించే అభిరుచి ఎక్కడ తయారవుతుందో నాకు ఆలస్యంగా అర్థమైంది. కవిసమ్మేళనంలో తయారు కాదది. అప్పటికే తయారైన అభిరుచికి అక్కడ శాలువా కప్పుతారు, అంతే. ఎనిమిదో తరగతి పేపరు మీద ఎర్ర సిరా దగ్గర అది మొదలవుతుంది. గురజాడ గేయం చివర్లో ఆకుల చాటున దాగి పలికే కోకిలను కవికి పోలికగా తెచ్చాడు. ఆ కోకిలలు మా పేపర్ల కట్టల్లో ఎన్ని ఉండిపోయాయో.

ఈసారి పోటీకి అంశం ఇవ్వమని నన్ను అడిగారు. 'మా వీధి' అని ఇచ్చాను. జెండా పండుగకి ఇదేం టాపిక్కు మాస్టారూ అని తోటి ఉపాధ్యాయులు నవ్వారు. ఒకాయన నిజంగానే నొచ్చుకున్నాడు. ముప్పై రెండు పేపర్లు వచ్చాయి. ఎక్కువభాగం నిరాశే, మా వీధి చాలా అందమైనది అని మొదలుపెట్టి, అందరూ కలిసిమెలిసి ఉంటారని ముగించినవి. స్తోత్రం అలవాటైన చెయ్యి వీధిని కూడా తల్లిని చేస్తుంది. అయితే ఒక పేపరు మాత్రం అలవాటుగా కిరీటంతోనే మొదలై, రెండో పేరాలో ఇంటిముందు నిలిచిన మురుగునీటి దగ్గరికి దిగింది. ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చిందో, మురుగుకాలువ మీద గది కట్టుకున్నది ఎవరో అందులో పేర్లతో సహా ఉంది. చివర గీత గీసి, వ్యాసంలో భాగం కానట్టు కింద చిన్న అక్షరాలతో ఆ అమ్మాయి రాసింది: 'సార్, ఈ పేపరు మీరే చదువుతారా, ఇంకా పైవాళ్లెవరైనా చదువుతారా?'

ఆ పేపరుకి నేనింకా మార్కులు వేయలేదు.